రెండోవాడి పరుగు: నలుగురు స్నేహితులు, ఒక ఆదివారం, ఎనిమిది పాల ప్యాకెట్లు

నా జట్టులో ఒకడు పరుగు మధ్యలో వేడికి కూలబడిన ఈ కేసు రాయడం ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చాను. బద్ధకం ఒక కారణం. తప్పు చేసినవాళ్ళను వరసగా నిలబెడితే మొదట నిలబడాల్సింది నేనే కావడం రెండో కారణం. నలుగురూ రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

పన్నెండేళ్ళుగా హైదరాబాదులో పరుగు కోచ్‌గా ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముప్ఫై అయిదు దాటాక, బెల్టుకు కొత్త రంధ్రం వేయించుకున్నాక, షుగర్ రిపోర్టు చూసి ఉలిక్కిపడ్డాక మొదలుపెట్టినవాళ్ళే. దాదాపు అందరూ జట్టుగానే వస్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకు తనకోసం తాను లేవడం చాలామందివల్ల కాదు. కింద గేటు దగ్గర ఇంకొకరు ఎదురుచూస్తున్నారంటే మాత్రం ఎవరైనా లేస్తారు. ఆ మొహమాటం మీదే నా వృత్తి నడుస్తోంది. ఆ ఆదివారం మమ్మల్ని దెబ్బతీసింది కూడా ఆ మొహమాటమే.

నలుగురిదీ ఒకే అపార్ట్‌మెంటు. బ్యాంకులో పనిచేసే మేనేజరు గారికి 47 ఏళ్ళు. పళ్ళ డాక్టరు గారికి 41. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 36. నాలుగో మనిషి అతని భార్యకు తమ్ముడు, 29 ఏళ్ళవాడు, ఉద్యోగం కోసం వచ్చి అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. జట్టులో వాళ్ళిద్దరినీ అందరూ బావ, బావమరిది అనే పిలిచేవారు. ఇక్కడా అలాగే రాస్తాను. ఆ బంధుత్వం ఈ కేసులో చాలా పనిచేసింది.

అంతకు ముందు డిసెంబరు చలిలో నలుగురూ హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) పరిగెత్తారు. బావమరిది గంటా 38 నిమిషాలు, బావ గంటా 53, మేనేజరు గారు గంటా 58, డాక్టరు గారు రెండు గంటలా 15 నిమిషాలు. అంటే కిలోమీటరుకు లెక్క వేస్తే బావమరిది 4:39 (4 నిమిషాల 39 సెకన్లు), బావ 5:21, మేనేజరు గారు 5:36, డాక్టరు గారు 6:24. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మళ్ళీ హాఫ్ పరిగెత్తాలని నిర్ణయించుకున్నారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి దాకా సాగే ఆ పోటీ ఎక్కుళ్ళకు, ఫ్లైఓవర్లకు, వానాకాలపు ఉక్కపోతకు పేరుమోసింది. డిసెంబరులో వచ్చిన సమయం ఆగస్టులో వస్తుందని ఆశపడేవాళ్ళను ఏటా చూస్తుంటాను.

జూన్ రెండో ఆదివారానికి నేను రాసిచ్చిన పరుగు ఇది. నెక్లెస్ రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు తేలిగ్గా. తర్వాత పీపుల్స్ ప్లాజా నుంచి ఖైరతాబాదు, పంజాగుట్ట, నాగార్జున సర్కిల్, బంజారాహిల్స్ రోడ్డు నంబరు 2, కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా పెద్దమ్మ గుడి మెట్రో స్టేషన్ దాకా ఎనిమిది కిలోమీటర్లు గట్టిగా. వేగం కిలోమీటరుకు 5:20. నేను నీళ్ళూ అరటిపళ్ళూ పెట్టుకుని కారుతో మెట్రో స్టేషన్ దగ్గర ఉంటాను.

ఆ 5:20 ఎవరి వేగం? పై లెక్క చూస్తే తెలిసిపోతుంది. అది బావ ఒక్కడికే సరిపోయే వేగం. బావమరిదికి షికారు, మేనేజరు గారికి కొంచెం ఎక్కువ, డాక్టరు గారికి అసాధ్యం. "మీరు మీ వేగంలో రండి" అని ఆవిడకు విడిగా చెప్పాను. ముగ్గురికీ ఒకే అంకె ఇవ్వడానికి నా దగ్గర శాస్త్రీయ కారణమేమీ లేదు. స్నేహితులు కదా, కలిసి పరిగెడితే బాగుంటుందనుకున్నాను. పైగా ఒక్క అంకె అయితే ఫోనులో టైపు చేయడం తేలిక.

ఆ ఉదయం

అయిదుంపావుకు మొదలుపెట్టారు. ముందు రాత్రి చినుకులు పడి ఆగాయి. 26 డిగ్రీలు, మబ్బు, ఆకు కదలడం లేదు. మే నెల మండుటెండలు చూసినవాళ్ళకు 26 అంటే చల్లదనమే. మేనేజరు గారు "వాతావరణం అద్భుతం" అన్నారట. నేను కూడా అదే అనుకున్నాను.

మొదటి అయిదు కిలోమీటర్లలో చెప్పుకోవడానికేమీ లేదు. తర్వాత జరిగింది బావ చేతి గడియారంలో ఉంది. ఈ కేసులో నాకున్న అసలు సాక్ష్యం అదే. గట్టిగా పరిగెత్తిన మొదటి కిలోమీటరు 5:19, నిమిషానికి గుండె కొట్టుకున్నది 161 సార్లు. రెండోది 5:14, గుండె 167. మూడోది 5:10, 172. నాలుగోది 5:02, 179. అయిదో కిలోమీటరు నాగార్జున సర్కిల్ దాటి బంజారాహిల్స్ ఎక్కుడు. అక్కడ ఎవరి వేగమైనా పడిపోవాలి. బావ వేగం 4:57కు పెరిగింది, గుండె 184. ఆరో కిలోమీటరు 5:01, 187. అంతకు ముందు ఏ పోటీలోనూ ఆ గడియారం 190 దాటి చూపించలేదు. ఏడో కిలోమీటరు ఆరు వందల మీటర్ల దగ్గర ఆగిపోయింది.

అంకెలు చెప్పని సంగతి బావమరిది తర్వాత చెప్పాడు. మూడో కిలోమీటరు దగ్గర "బావా, బాగానే ఉందా?" అని అడిగాడట. బావ బొటనవేలు ఎత్తి చూపించాడు, మాట్లాడలేదు. నాలుగో కిలోమీటరు నుంచి బావమరిది ఒక అడుగు ముందుంటూ వచ్చాడు. కావాలని చేయలేదు, 5:20 అతని కాళ్ళకు పట్టలేదంతే. బావ ఆ ఒక్క అడుగునూ పూడ్చుతూ వచ్చాడు. పూడ్చిన ప్రతిసారీ, తన వెనక బూట్ల చప్పుడు దగ్గరవుతోందని బావమరిది ఇంకాస్త కదిలాడు. ఇద్దరిలో ఎవరూ వేగం పెంచాలనుకోలేదు. ఇద్దరూ కలిసి కిలోమీటరుకు ఇరవై సెకన్లు పెంచేశారు.

కేబీఆర్ పార్కు ప్రహరీ పక్కన బావ ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. బావమరిది వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. సుమారు నిమిషం తర్వాత వచ్చిన మేనేజరు గారు ఆగారు. బావ వాంతి చేసుకున్నాడు, "చలేస్తోంది అన్నా" అన్నాడు. చేతులు చూస్తే రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. తాకితే ఒళ్ళు కాలిపోతోంది. మేనేజరు గారు తన దగ్గరున్న లీటరు సీసా అతని చేతికిచ్చి మొత్తం తాగమన్నారు. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందని అనుకున్నారు. నాకు ఫోను చేయడానికి చాలాసేపు తటపటాయించారు. "వద్దన్నా, కోచ్‌కు చెప్పకండి" అని బావ పదేపదే అన్నాడట.

నా దగ్గరికి బావమరిది ఒక్కడే వచ్చాడు, ఈల వేసుకుంటూ.

"మీ బావ ఏడి?"

"వెనకే వస్తున్నాడు సార్."

ఫోను మోగింది. నేను కారు తీసుకుని చేరేసరికి అక్కడ డాక్టరు గారు ఉన్నారు. జట్టులో అందరికంటే నెమ్మదిగా వచ్చే మనిషి. బావ ఆగిన ఎనిమిది నిమిషాలకు అక్కడికి చేరి, చూసిన మరుక్షణం పని మొదలుపెట్టారు. అతన్ని చెట్టునీడకు జరిపి చొక్కా తీయించారు, బూట్లు విప్పించారు. రోడ్డుకు అవతల పాలబూత్‌లో అప్పుడే దిగిన నీలం క్రేట్లు ఉన్నాయి. అర లీటరు ప్యాకెట్లు ఎనిమిది తెప్పించి మెడకు రెండువైపులా రెండు, చంకల్లో రెండు, గజ్జల్లో రెండు పెట్టారు. మిగిలిన రెండూ అతని రెండు అరచేతుల్లో పెట్టి పట్టుకోమన్నారు. బూత్‌లో ఉన్న నీళ్ళ క్యాను ఒంటి మీద కుమ్మరించి, నా కారులోని అట్టముక్కతో మేనేజరు గారి చేత విసిరించారు. విసురుతూ ఉంటేనే నీళ్ళు ఆవిరై వేడిని పట్టుకుపోతాయి. మధ్యమధ్య బావను ప్రశ్నలు అడుగుతున్నారు: "ఈరోజు ఏ వారం? మీ పాప ఏ క్లాసు? మనం ఎక్కడున్నాం?" అన్నిటికీ సరైన జవాబులే వచ్చాయి, నెమ్మదిగా, చిరాగ్గా. ఒక్క జవాబు తేడాగా వచ్చినా 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలని ఆవిడ నాతో అన్నారు.

ఆ మాట సరైనది. ఒళ్ళు వేడెక్కినవాడు తికమకగా మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా అది వడదెబ్బలో ప్రాణాంతకమైన దశ అనుకోవాలి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. మెడదాకా ఐసు నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టడం అన్నిటికంటే మంచి పద్ధతి, మొదటి అరగంటలో చేస్తే ప్రాణం నిలుస్తుంది. పాల ప్యాకెట్లు దానికి ప్రత్యామ్నాయం కావు. ఒళ్ళంతా తడిపి విసరడమే ఆ రోజు ఎక్కువ పనిచేసి ఉంటుందని నా అంచనా.

ఆసుపత్రికి చేరేసరికి నలభై నిమిషాలు దాటింది. చంకలో పెట్టిన థర్మామీటరు 38.4 చూపించింది. అప్పుడే చల్లని ప్యాకెట్టు తీసిన చంకలో తీసిన అంకెను నేను నమ్మను. అందుకే అది వడదెబ్బా, దానికి ముందుండే దశా అన్నది ఇప్పటికీ తేల్చి చెప్పలేను. మతి చెదరలేదు కాబట్టి ముందు దశే అనుకుంటున్నాను. రక్తంలో సోడియం సరిగ్గానే ఉంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగి, రెండు రోజుల్లో దిగింది. సెలైన్ పెట్టి సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

ఎందుకు ఇతనికే

వేసవిలో పరిగెత్తి పరిగెత్తి అలవాటైన మనిషి 26 డిగ్రీలకు ఎందుకు పడిపోయాడు? ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చింది.

ఆఫీసు పని మీద మూడు వారాలు జర్మనీలో ఉండి, గురువారమే తిరిగివచ్చాడు. ఉక్కపోతకు ఒళ్ళు అలవాటు పడటానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది: రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మూడు వారాలు చల్లటి చోట ఉంటే ఆ సంపాదనలో చాలా భాగం కరిగిపోతుంది. శనివారం రాత్రి బంధువుల పెళ్ళి, నిద్ర నాలుగు గంటలు. అంతేకాక అతని బరువు 82 కిలోలు, బావమరిది బరువు 61. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకాలరీ ఖర్చవుతుంది. అందులో ముప్పాతిక వంతుకు పైగా వేడిగానే బయటపడుతుంది. ఇద్దరూ పక్కపక్కనే ఒకే వేగంతో పోతున్నా బావ ఒంట్లో బావమరిది కంటే మూడో వంతు ఎక్కువ మంట రగులుతోంది. ఆ వేడి పోవాలంటే చెమట ఆరాలి. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. కారిన చెమట చొక్కాను తడుపుతుంది, ఒంటిని చల్లబరచదు. మబ్బు పట్టిన చల్లటి ఉదయమని మేమంతా మురిసిపోయింది ఆ గాలిని చూసే.

"జర్మనీ సంగతి, నిద్ర సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

బావ కిటికీవైపు చూశాడు. "వాడి ముందు సాకు చెప్పినట్టుంటుంది సార్."

నాకు కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలో కనిపించింది. బావగారి హోదా ఎలాంటిదో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పెళ్ళిలో కాళ్ళు కడిగించుకున్న మనిషి ఎక్కుడులో బావమరిది వెనక రొప్పడమా?

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను. జట్టులో ఎవరి మీద ఎక్కువ కన్నేయాలని కోచ్‌లను అడిగితే అందరికంటే వెనక వచ్చేవాడి మీద అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. నా పాత నోటుపుస్తకాలు తిరగేసి చూస్తే, జట్టు పరుగుల్లో దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది రెండో స్థానంలో ఉన్నవాళ్ళే. మొదటివాడికి మిగులు ఉంటుంది. చివరివాడు ఎప్పుడో జారుకుంటాడు, దాచుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. రెండోవాడికి మాత్రం మొదటివాడు అందేటంత దూరంలోనే ఉంటాడు. 1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్‌లో పడవపోటీల వాళ్ళతో బరువులెత్తించి చూశాడు. ఇద్దరు కలిసి ఎత్తితే బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువా కాకుండా, మరీ తక్కువా కాకుండా ఉన్నప్పుడే ఆ పట్టుదల ఎక్కువగా కనిపించింది. దీన్ని జట్టుగా శ్రమించడం వల్ల కలిగే లాభంగా చెబుతుంటారు, నిజమే. బావా బావమరుదుల మధ్య తేడా సరిగ్గా ఆ నడిమి రకానిదే. కాకపోతే బరువు చేజారితే నేల మీద పడుతుంది. ఇక్కడ పడింది మనిషి.

మరి స్నేహితులతో గట్టిగా పరిగెత్తడం మానుకోవాలా? నా నోటితో ఆ మాట రాదు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్డు ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ చరిత్రలో మొదటిసారి మైలును నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తినప్పుడు ముందుండి నడిపించింది స్నేహితులు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే. నెలల తరబడి వాళ్ళతోనే సాధన చేశాడు. ఆ పోటీ మొదట్లో బానిస్టర్‌కు వేగం చాలలేదనిపించి "ఇంకా వేగంగా" అని అరిచాడు. బ్రాషర్ పట్టించుకోలేదు, తన వేగంలోనే పోయాడు. ఆ మొదటి చుట్టు 57.5 సెకన్లు, కావాల్సినదానికంటే వేగమే. తాజాగా ఉన్న కాళ్ళు చెప్పేది వినని స్నేహితుడు ఒకడు ముందుండటం వల్ల ఆ పరుగు నిలిచింది. మా జట్టులో ఆ పని ఎవరికీ అప్పగించలేదు. ముందున్నవాడే వేగం, అంతే.

మార్చినవి

బావకు మొదటి వారం పూర్తి విశ్రాంతి. ఆసుపత్రి డాక్టరు రక్తపరీక్షలు మళ్ళీ చూసి సరేనన్నాక, రెండో వారం ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద నడక. ఆ తర్వాత రెండు వారాలు ఆరుబయట, మొదటి రోజు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాం. ఆ రోజుల్లో ఒక పని అదనంగా చేయించాను. పరుగుకు ముందూ తర్వాతా ఒంటి మీద తడిబట్ట లేకుండా బరువు తూచుకోవడం. ఒకరోజు గంటా పావు తేలిక పరుగులో 300 మిల్లీలీటర్ల నీళ్ళు తాగి కూడా 1.9 కిలోలు తగ్గాడు. అంటే గంటకు పావు తక్కువ రెండు లీటర్లకు దగ్గరగా చెమట. డాక్టరు గారికి అది అర లీటరే. ఇద్దరికీ "ప్రతి ఇరవై నిమిషాలకూ ఒక గ్లాసు" అని ఒకే సలహా ఇచ్చిన కోచ్‌ని నేనే.

నీళ్ళ గురించి ఒక హెచ్చరిక. మేనేజరు గారు లీటరు సీసా పట్టించింది ప్రేమతోనే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తగ్గి ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్ళలో, అంటే చెమట పోయినదానికంటే ఎక్కువ తాగినవాళ్ళలో ఆ ముప్పు ఎక్కువ. వాంతి, తలతిరుగుడు, తికమక ఒళ్ళు వేడెక్కినప్పుడూ ఉంటాయి, సోడియం తగ్గినప్పుడూ ఉంటాయి. కాబట్టి పడిపోయినవాడికి గబగబా నీళ్ళు పట్టించడం మందు కాదు. దాహమైతే గుక్కెడు గుక్కెడుగా తాగనివ్వాలి. చల్లబరచడం మాత్రం ఆపకూడదు.

అసలు మార్పు పరుగు పద్ధతిలో వచ్చింది. నెక్లెస్ రోడ్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను. నలుగురూ గీత మీద నిలబడతారు. ఈల వేస్తే ఎవరి వేగంలో వాళ్ళు నాలుగు నిమిషాలు ముందుకు. మళ్ళీ ఈల వేస్తే ఎక్కడివాళ్ళు అక్కడే వెనక్కి తిరిగి నాలుగు నిమిషాల్లో గీతకు చేరాలి. బావమరిది తొమ్మిది వందల మీటర్ల దాకా వెళ్ళి తిరుగుతాడు, డాక్టరు గారు ఆరు వందల యాభై దాకా. వెళ్ళేటప్పుడు ఎంత వేగమో వచ్చేటప్పుడూ అంతే వేగమైతే నలుగురూ ఒకే క్షణంలో గీత దాటాలి. మూడు నిమిషాలు నడిచి మళ్ళీ అదే. మొత్తం నాలుగు సార్లు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, బడుల్లో వ్యాయామం మాస్టార్లు కూడా చేయిస్తుంటారు. దీని గొప్పదనం ఎక్కడంటే, ముందు రెచ్చిపోయినవాడి తప్పు అందరికీ కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు ఎంత ముందున్నాడో వచ్చేటప్పుడు అంత వెనకపడతాడు. తిరుగు ఈల మోగగానే అందరికంటే దూరం పోయినవాడు అందరికంటే వెనకవాడవుతాడు.

బావ తిరిగి వచ్చిన మొదటి రోజు నా నోటుపుస్తకంలో ఇలా ఉంది. మొదటిసారి: డాక్టరు గారు ఈలకు రెండు సెకన్ల ముందు, మేనేజరు గారు తొమ్మిది సెకన్లు ఆలస్యం, బావమరిది పదిహేను, బావ ఇరవై నాలుగు. డాక్టరు గారు గీత మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని మిగతా ముగ్గురి కోసం ఎదురుచూసిన మొదటి సందర్భం అది. "రండి తమ్ముడూ, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అన్నారు. నాలుగోసారికి బావ ఆలస్యం ఆరు సెకన్లకు తగ్గింది. మూడో వారానికి నలుగురూ మూడు సెకన్ల తేడాతో గీత దాటారు. అరవై మీటర్ల దూరం నుంచి నలుగురూ రొప్పుతూ ఒకే గీత మీదకు దూసుకొస్తుంటే, నేను పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

పొడవు పరుగుకు ఇంకో ఏర్పాటు. ఎనిమిది కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తాల్సిన రోజున డాక్టరు గారు ముందు బయల్దేరతారు. 6 నిమిషాల 24 సెకన్ల తర్వాత మేనేజరు గారు, 8 నిమిషాల 24 సెకన్లకు బావ, సరిగ్గా 14 నిమిషాలకు బావమరిది. డిసెంబరు వేగాల లెక్క ప్రకారం నలుగురూ చివర్లో కలవాలి. ఉక్కపోతలో ఎవరూ ఆ వేగంలో రారు, అయినా అందరూ ఒకే దామాషాలో తగ్గుతారు కాబట్టి పెద్దగా తేడా రాదు. ఇప్పుడు దారిలో చివర ఉండేవాడు బావమరిదే. ఎవరైనా కూర్చుండిపోతే కాళ్ళలో బలం మిగిలినవాడు వెనక నుంచి వస్తూ చూస్తాడు. జూన్‌లో ఆ పని అదృష్టవశాత్తు డాక్టరు గారికి దొరికింది. దాన్ని అదృష్టానికి వదిలేయదలచుకోలేదు.

తేలిక పరుగు తేలిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఎక్కాలు. పదమూడో ఎక్కం పైకి చదువుతూ పరిగెత్తగలిగితే తేలిక. "పదమూడు ఏళ్ళ..." దగ్గర ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. ఎక్కం మరచిపోయినవాళ్ళను మేనేజరు గారు సరిదిద్దుతారు, ఆయనకు పంతొమ్మిది దాకా వచ్చు.

చివరిది సాకుల సభ. పరుగుకు ముందు గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరూ ఒక సాకు చెప్పి తీరాలి: నిద్ర, కడుపు, జలుబు, ప్రయాణం, మందులు, ఏదైనా. "ఏమీ లేదు" అంటే ఒప్పుకోను. మొదట నేనే చెబుతాను. ముందు చెబితే అది నాకు సమాచారం. సాకు చెప్పడం అందరికీ తప్పనిసరి అయ్యాక ఎవరికీ అది చిన్నతనంగా లేదు. మొదటి సభలో బావమరిది "రాత్రి బిర్యానీ రెండు ప్లేట్లు తిన్నాను" అన్నాడు. వాడి పరుగు ఆ రోజు కుదించాను కూడా.

ఏం తేలింది

ఆగస్టులో బావ గంటా 56 నిమిషాల్లో ముగించాడు. డిసెంబరు కంటే మూడు నిమిషాలు ఎక్కువ, ఆ దారికీ ఆ గాలికీ నేను అంతకంటే ఎక్కువే అనుకున్నాను. బావమరిది గంటా 44. మేనేజరు గారు రెండు గంటలా మూడు నిమిషాలు. డాక్టరు గారు రెండు గంటలా 14 నిమిషాలు, చలికాలపు సమయం కంటే నిమిషం తక్కువ. నలుగురిలో మెరుగైంది ఆవిడ ఒక్కరే.

దీన్ని బట్టి నా పద్ధతి గొప్పదని చెప్పలేను. నలుగురు మనుషులు, ఒక వేసవి. డాక్టరు గారు అంతకు ముందు ఎప్పుడూ జట్టుతో కలిసి గట్టిగా పరిగెత్తనే లేదు, వాళ్ళ వెనక ఒంటరిగా వచ్చేవారు. ఆవిడకు వచ్చిన లాభం ఈలదా, గీతదా, తోడుదా అని విడదీయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. బావ మళ్ళీ పడిపోకపోవడానికి కారణం నేను మార్చినవేనా, లేక ఆ తర్వాత అతను పరదేశం వెళ్ళకపోవడమా అన్నదీ తేలదు.

కొన్ని కుదరలేదు కూడా. బావమరిదికి రెండు నెలలకే విసుగొచ్చింది. తన ముందు ఎవరూ లేకుండా పరిగెత్తడం వాడికి ఉప్పులేని పప్పులా ఉందట. మంగళవారాలు వేరే కుర్రాళ్ళతో పోతానన్నాడు, సరేనన్నాను. వాడికి కూడా ఒక మొదటివాడు కావాలి కదా. అయితే అక్కడ రెండోవాడు వీడే అవుతాడన్న సంగతి గుర్తుపెట్టుకుని, ఆ జట్టు కోచ్‌కు ముందే ఫోను చేశాను. మేనేజరు గారికి ఈల అంటే చిరాకు. బ్యాంకులో రోజంతా గంటలు వింటాను, ఇక్కడా ఎందుకంటారు. ఆయన కోసం చప్పట్లు మొదలుపెట్టాను, దూరానికి వినిపించక మళ్ళీ ఈలకే వచ్చాను.

కారులో ఇప్పుడు ఒక ఐసు పెట్టె, నాలుగు పాత దుప్పట్లు, పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఉంటున్నాయి. తొట్టి వల్ల డిక్కీ మూయడానికి తాడు కట్టాల్సి వస్తోంది. కేబీఆర్ దగ్గర పాలబూత్ అతను ఆ రోజు డబ్బులు తీసుకోలేదు. చంకల్లో పెట్టిన పాలు వెనక్కి తీసుకోవడానికీ ఒప్పుకోలేదు. తర్వాతి వారం వెళ్ళి ఇచ్చాను. ఇప్పటికీ అటు పరుగున్న రోజు నా కారు కనిపిస్తే క్రేటు దింపుతూనే అడుగుతాడు, ఈవేళ ఎన్ని ప్యాకెట్లు పక్కన పెట్టమంటారని.

బావ వచ్చే చలికాలం ఫుల్ మారథాన్ పరిగెత్తుతానంటున్నాడు. ముప్ఫై కిలోమీటర్ల సాధన పరుగు రెండుసార్లు చేయాలి. తోడు ఎవరని అడిగాను. బావమరిది ఆ రెండు రోజులూ సైకిల్ మీద వస్తానన్నాడు, నీళ్ళు మోస్తూ, వెనక.